కూర్చోమంటే కూర్చోలేని గణపతిరావు

ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో గణపతిరావు ఇంటికి ఎవరొచ్చినా ముందుగా ఒక మర్యాద జరిగేది. వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన సర్దుకునేదాకా ఆగి, "ఆ కుషను నా సేతిదే" అనేవాడు. మంచినీళ్ళు ఆ తర్వాత. పొగడకపోతే మంచినీళ్ళు ఇంకాస్త ఆలస్యమయ్యేవి.

ఉద్యోగమంతా రైల్వే వర్క్‌షాపులోనే గడిచింది. బోగీల్లో సీట్లకీ బెర్తులకీ ఫోము కోసి, రెగ్జిన్ తొడిగి, బిగించి కుట్టే ట్రిమ్మింగ్ షాపు. టెక్కలి నుంచి వచ్చిన వాళ్ళ నాన్న కూడా అదే షాపులో చేశాడు. ఆయన రోజుల్లో బెర్తుల్లో కొబ్బరిపీచు కూరేవారు. "మా నాన్నది పీచు, నాది ఫోము" అని గణపతిరావు రెండు రాజవంశాల పేర్లు చెప్పినట్టు చెప్పుకునేవాడు.

ఈ దేశంలో కూర్చున్నవాళ్ళలో సగంమంది తన చేతి మీదే కూర్చున్నారని అతని గట్టి నమ్మకం. అందులో చిన్న లోపమొకటి ఉందని అతనికెప్పుడూ తట్టలేదు. అంతమందిలో ఒక్కరితోనైనా అతను మాట్లాడి ఎరగడు. బోగీ షాపు దాటి వెళ్ళిపోతుంది. ఎక్కినవాడు ఎక్కడో ఎక్కుతాడు, ఎక్కడో దిగుతాడు. నడుం పట్టేస్తే మొత్తం రైల్వేని తిడతాడు గాని తాల్‌బగీచా గణపతిరావు పేరెత్తి తిట్టడు కదా! కుట్టేవాడికి తిట్లు అందని అలాంటి పనిలో ఎవరికైనా పొగరు పెరుగుతుంది.

అతనిక్కూడా రైల్వే పాసు ఉండేది. ఏ రైలెక్కినా ముందు దుప్పటి నాలుగు మడతలు వేసి పరుచుకుని, దాని మీద కూర్చునేవాడు. ఎందుకు పరుస్తున్నానని మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

రిటైరయ్యాక ఏమైందంటే, ఏమీ కాలేదు. అదే బాధ. సన్మానంలో కప్పిన శాలువా బీరువాలోకి వెళ్ళింది. పొద్దున్నే వర్క్‌షాపు సైరను కూస్తే కాళ్ళు వాటంతటవే గేటువైపు తిరిగేవి. వాటిని మళ్ళీ ఇంటివైపు తిప్పుకోవడమే ఒక డ్యూటీ అయింది. యూనియన్ మీటింగుల్లో మైకు వదలని మనిషికి ఇప్పుడు ఫలానా పని చేసిపెట్టు అని అడిగేవాళ్ళు లేరు. అందుకని ఇంట్లో కనిపించిన ప్రతిదానికీ రెగ్జిన్ తొడగడం మొదలుపెట్టాడు. వంటింటి పీట అయింది. పక్కింటి సైకిలు సీటు అయింది. టీవీ రిమోటుకి కూడా ఒక తొడుగు కుట్టాడు, బొత్తాలు నొక్కితే పడేవి కావు.

"ఇంక నాను ఒక్కదాన్నే మిగిలినాను. నాకూ తొడిగేయ్, పనైపోతాది" అంది భార్య సింహాచలమ్మ.

అలాంటి రోజుల్లో జాన్ పాల్ వచ్చాడు. వెనక సందులో ఉంటాడు, ముప్ఫై దాటినవాడు. వర్క్‌షాపులోనే అప్రెంటిస్ చేశాడు. సర్టిఫికెట్టు వచ్చింది గాని ఉద్యోగం రాలేదు. ఇప్పుడు వీపున పెద్ద సంచీ తగిలించుకుని, మోటార్ సైకిల్ మీద అన్నం పొట్లాలు మోసుకుంటూ పొద్దుటినుంచి రాత్రిదాకా తిరుగుతాడు. స్టేషన్ దగ్గర ఎత్తుకున్న బిర్యానీ హాస్టళ్ళకీ, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ గేట్లకీ చేరవేస్తాడు.

కుర్చీ చూపిస్తే, దాని అంచున ఒక తుంటి మాత్రం ఆనించాడు.

"ఏట్రా, వొంకరగా కూసున్నావు? కుషను బాగులేదేటి?"

"కుషను కాదు బాబాయ్, నానే బాగులేను. బండి మీద కూసుని కూసుని ఎనకంతా పుండయిపోనాది. మా వోళ్ళందరికీ ఇదే గోల. ఆర్డరు ఎన్ని నిమిషాల్లో ఎల్లిందో యాప్‌కి తెలుస్తాది. తెచ్చినోడు కూసోగలుగుతన్నాడో లేదో అడిగే బొత్తాం అందులో నేదు."

"సెలవెట్టరా రెండ్రోజులు."

"సెలవెడితే కూడెవుడెడతాడు? ఉద్యోగం పర్మనెంటు కాదు గాని బాబాయ్, నొప్పి మాత్రం పర్మనెంటు."

నవ్వుతూనే అన్నాడు. కాని ఆ మాట గణపతిరావు గుండెల్లో ఒకచోట ఠక్కున తగిలింది. ఆ చోటు జాలిది కాదు, ఆశది. ఇన్నాళ్ళకి తన విద్యకి సరిపడే నొప్పి ఒకటి ఇంటికి నడిచొచ్చింది!

"మీ అందరికీ నాను కుడతానురా సీట్లు" అని లేచి నిలబడ్డాడు. "బెర్తులు కుట్టిన సెయ్యి ఇది. రాత్రంతా బండి మీదే పడుకుంటారు సూడు."

జాన్ పాల్ తల గోక్కున్నాడు. "మా వోళ్ళు ఊరికే ఒప్పుకోరు బాబాయ్. ఉన్న సీటు పీకి కొత్తది ఏసినాక అది బాగులేపోతే, ఆ వారం పనిపోయినట్టే. నువ్వే ముందు నీ బండికి ఏసుకుని దూరం ఎల్లి రా. దిగి తిన్నంగా నడిసినావంటే అందరం నీకాడికే వస్తాం."

"దూరమంటే?"

"బేల్దా దాకా ఎల్లి రా, సాలు."

"బేల్దా ఏట్రా, సిన్నపిల్లలాట! ఇచ్ఛాపురం ఎల్తాను. మీ పిన్ని అక్క ఉన్నాది అక్కడ. పొద్దున్న ఎక్కితే సాయంత్రానికి దిగాల."

వంటింట్లోంచి సింహాచలమ్మ, "అయితే నానూ వస్తాను" అంది. అది ప్రశ్న కాదు.

జాన్ పాల్ వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి తనకు తెలిసిన జాగ్రత్తలు చెప్పాడు. మరీ మెత్తగా కుట్టకు బాబాయ్, మెత్తగుంటే కుంగిపోయి ఎముకలు అడుక్కి తగుల్తాయి. గాలాడాల. జీన్సు ఏసుకోకు. కుట్లు లావుగా ఉన్న డ్రాయరు వద్దు, ఒరుసుకుపోతాది. గంటకోపాలి దిగి నడువు. మధ్యమధ్యన ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడు.

గణపతిరావు పడీపడీ నవ్వాడు. "సీటు సరిగా లేనోడు దిగాలిరా! నా సీటెక్కినోడు దిగమన్నా దిగడు."

ఈ మాట తర్వాత ఒక రకంగా నిజమైంది. ఆ సంగతికి వస్తాం.

సీటు కుట్టడం చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. బెర్తుకి వేసేంత దళసరి ఫోము, అదీ ఒకదాని మీద ఒకటి రెండు. పైన రైలు నీలం రెగ్జిన్, డోలు చర్మంలా బిగించి. మధ్యలో అందానికి లావుపాటి పైపింగు, అంటే లోపల తాడు పెట్టి కుట్టే గట్టు. ఫస్ట్ క్లాసు బోగీలో ఉన్నట్టు నాలుగు గుండీలు కూడా. ముందు సగం సింహాసనంలా లేచింది. వెనక సగానికి వచ్చేసరికి ఫోము చాల్లేదు. మిగిలిన ముక్కేదో పరిచి మూసేశాడు.

"ఎనకాల ఇంతేనా?" అంది సింహాచలమ్మ.

"నువ్వు పక్కకి కూసుంటావు కదే. సగం మనిసికి సగం ఫోము."

చుట్టూ ఉన్న మగాళ్ళు నవ్వారు. మార్చి నెల వచ్చిందంటే స్త్రీల సమానత్వం మీద యూనియన్ ఆఫీసులో మైకు విరగ్గొట్టే మనిషి ఈయనే. వెనక కూర్చునే మనిషి ఆడదైతే ఆవిడకి ఎంత ఫోము కావాలో ఆ ఉపన్యాసాల్లో ఎక్కడా రాలేదు మరి.

బయల్దేరిన పొద్దున టీ బడ్డీ దగ్గర జాన్ పాల్ స్నేహితులు సంచులతో సహా నిలబడి సాగనంపారు. ఎవరో బండికి బంతిపూల దండ కట్టారు. సీటు ఎంత ఎత్తు లేచిందంటే, గణపతిరావు ఎక్కాక కాలి బొటనవేళ్ళు మాత్రమే నేలకి అందాయి. అతనికదీ గర్వంగానే ఉంది. జీన్సు వేసుకున్నాడు, ఫోటోలో బాగుంటుందని. లోపల కొబ్బరినూనె రాసుకుని దాని మీద డబ్బాడు పౌడరు జల్లుకున్నాడు, ముందుజాగ్రత్తకి.

బేల్దా దాకా మహారాజు. పక్కన వెళ్ళే లారీ డ్రైవర్లకి చెయ్యి ఊపాడు. "సూసినావా? ఏటైనా తెలుస్తందా?" అని వెనక్కి అరిచాడు.

"నాకు తెలుస్తంది" అంది సింహాచలమ్మ. ఏం తెలుస్తోందో అతను అడగలేదు.

దాంతన్ దగ్గర ఎడమ తుంటి మీదకి ఒరిగాడు. కాసేపటికి కుడి తుంటి. జలేశ్వర్ వచ్చేసరికి ఒరగడానికి మూడో తుంటి లేకపోయిందే అనిపించింది. ఎండెక్కి ఫోము వేడెక్కింది. మెత్తదనమంతా కరిగి కిందికి కుంగిపోతే ఎముకలు నేరుగా అడుగురేకుని పలకరిస్తున్నాయి. రెగ్జిన్‌కి గాలాడదు. చెమట పట్టి జారిపోయి, బ్రేకు నొక్కినప్పుడల్లా మనిషి ముందుకెళ్ళి పెట్రోలు ట్యాంకుని కావలించుకుంటున్నాడు. పైపింగు కత్తిలా కోస్తోంది. నూనె, పౌడరు, చెమట మూడూ కలిసి లోపల చపాతీల పిండి తయారైంది. ఆ నాలుగు గుండీలు ఏ పాపానికి పెట్టాడో గాని, ఒక్కొక్కటీ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

బోగీలో మనిషి ఇలా కూర్చోడు. కాసేపు కూర్చుంటాడు, పడుకుంటాడు, లేచి తలుపు దగ్గర నిలబడతాడు, పల్లీలు కొనుక్కుంటాడు. బెర్తు బెర్తుగా బతికిపోయింది ఆ తిరుగుళ్ళవల్ల. కదలకుండా, కాళ్ళు ఎడంగా పెట్టి, గతుకు గతుకుకీ దెబ్బ తింటూ పొద్దంతా కూర్చునే మనిషిని ట్రిమ్మింగ్ షాపు ఎప్పుడూ చూడలేదు. గణపతిరావుకి ఇదంతా బాలాసోర్ దాటకముందే అర్థమైంది. బుర్రకి కాదు, కిందకి.

బాలాసోర్ దగ్గర టీ కోసం ఆగారు. కాలు తిప్పి దిగబోతే కాలు రాలేదు. దిగమన్నా దిగడన్న మాట అక్కడ నిజమైంది. సింహాచలమ్మ మడమ పట్టుకుని ఇవతలికి లాగితే దిగాడు. టీ కొట్టాయన పెద్దమనిషి, బల్ల తుడిచి మరీ, "బసంతు, బసంతు" అన్నాడు, కూర్చోండి కూర్చోండి అని.

"పర్వానేదు, నిలబడతాను. సీనరీ సూస్తన్నాను" అన్నాడు గణపతిరావు. ఎదురుగా సిమెంటు గోడౌను ఉంది.

అప్పుడే ఫోను మోగింది. జాన్ పాల్.

"ఎలాగున్నాది బాబాయ్ సీటు?"

గణపతిరావు ఒక చేత్తో గోడ పట్టుకుని, "ఫస్ట్ క్లాస్‌రా! సోఫా మీద కూసున్నట్టు ఉన్నాది" అన్నాడు.

"నిజంగానా? అయితే మా వోళ్ళకి సెప్పేస్తాను. అందరూ నువ్వు రాగానే సీట్లు ఇప్పేసి ఇస్తారు."

"సెప్పేయ్, సెప్పేయ్."

ఫోను పెట్టేశాక భార్య మొహం చూడలేదు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని టీ తాగింది. ఆవిడా నిలబడే ఉందని అతను గమనించలేదు.

భద్రక్ ఇంకాస్త దూరముందనగా వీపు మీద గట్టిగా గుద్దు పడింది.

"ఆపు!"

రోడ్డు పక్క ధాబా దగ్గర ఆపాడు. సింహాచలమ్మ దిగి నేల మీద చతికిలపడింది. ఇంత దూరం ఒక పక్కకి తిరిగి, కాళ్ళు రెండూ ఒకేవైపు వేలాడేసి, నడుం మెలిపెట్టుకుని కూర్చుంది ఆవిడ. మొగుడి సింహాసనం ఎత్తుకి ఎదుర్రోడ్డు కూడా కనబడలేదు. కింద ఉన్న ఫోము ముక్క ఖరగ్‌పూర్ పొలిమేర దాటకముందే అప్పడమైపోయింది.

"ఆడదాయి పక్కకి కూసోవాలని ఎవుడు సెప్పినాడో ఆడిని పట్టుకురండి. ఇలాగే కూసోబెట్టి ఇచ్ఛాపురం దాకా తోల్తాను" అంది. లేచి, సంచీ పట్టుకుని ధాబా వెనక్కి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చీర గోచీ పోసి కట్టుకుని ఉంది. టెక్కలి వైపు ఊడుపులకి దిగే ఆడవాళ్ళు కట్టినట్టు బిగించి, మోకాళ్ళ కిందికి దింపి. వాళ్ళమ్మ అలా కట్టేది. ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌కి వచ్చాక ఆ కట్టు పెట్టెలోకి వెళ్ళిపోయింది.

"ఇలాగెలా వస్తావే? ఎవులైనా సూస్తే?" అన్నాడు గణపతిరావు.

"సూసినోడు నా నడుం మోస్తాడేటి? మగోడి లాగ కాళ్ళు అటొకటి ఇటొకటి ఏసి కూసుంటాను. నీకు సిగ్గయితే కళ్ళు మూసుకుని తోలు."

కాని గణపతిరావుకి తోలే ఉద్దేశం లేదు. రైల్వే బుర్రలో రైల్వే ఆలోచన పుట్టింది. గొంతు తగ్గించి, "ఇదిగో, భద్రక్ స్టేషన్ దగ్గర్లోనే. బండిని పార్సిల్లో ఏసేద్దాం. పెట్రోలు తీసేసి, గోనె సుట్టి, లగేజీ వేను ఎక్కించడం నాకు కొట్టినపిండి. మనం అదే రైల్లో ఎల్లిపోదాం. దిగినాక ఇచ్ఛాపురం బోర్డు కాడ బండి మీద ఫోటో దిగి జానుగాడికి పంపిద్దాం" అన్నాడు. చెబుతుంటేనే ప్రాణం లేచొచ్చింది. బెర్తు మీద బోర్లా పడుకున్నట్టు కూడా ఊహించుకున్నాడు, నాలుగు మడతల దుప్పటితో సహా.

"మరి ఆడికి ఏటి సెప్తావు?"

"సెప్పినాను కదా, ఫస్ట్ క్లాసని."

"ఆళ్ళందరికీ ఇదే సీటు కుడతావా?"

గణపతిరావు సీటు మీది గుండీ ఒకటి గోటితో గిల్లాడు.

"పని కావాలని నువ్వెంత కాసుకుని ఉన్నావో నాకు తెలీదేటి?" సింహాచలమ్మ గొంతు కొంచెం తగ్గింది. "పొద్దున్నే సైరను కూస్తే ఎక్కడికి తిరుగుతావో సూడనేదేటి? కాని నువ్వు ఒక్క పూట దీని మీద కూసోనేక రైలెక్కుతానంటన్నావు. ఆ కుర్రోళ్ళు రోజూ కూసోవాల. ఆళ్ళకి పుండయితే ఏ పార్సిలాఫీసు ఉన్నాది?"

మాట తగలాల్సిన చోట తగిలింది. ఆ చోటు అప్పటికే పుండై ఉంది కాబట్టి ఇంకా బాగా తగిలింది. రైల్వేలో కూర్చున్నవాళ్ళు దిగిపోయేవాళ్ళు, మొహాలు తెలిసేవి కావు. జాన్ పాల్ మొహం తెలుసు. ఒక తుంటి మీద కూర్చున్న తీరూ తెలుసు.

గణపతిరావు బండి పెట్టెలోంచి ట్రిమ్మింగ్ కత్తి తీశాడు. రెండు నిమిషాలు ఆ నీలం రెగ్జిన్ వైపు చూశాడు. అంత చక్కటి కుట్టు ఈ జన్మలో మళ్ళీ పడదనిపించింది. కళ్ళు మూసుకుని ఈ చివరినుంచి ఆ చివరికి కోశాడు.

ధాబాలో పరోటాలు తింటున్నవాళ్ళంతా చేతులు కడుక్కోకుండానే వచ్చి చుట్టూ చేరారు. "అరే, గాడీ కా ఆపరేషన్ హో రహా హై" అన్నాడో లారీ డ్రైవరు. గుండీలు పీకి పారేశాడు. పైపింగు తాడు పళ్ళతో లాగాడు. పై ఫోము తీసేసి దాన్ని వెనక సగానికి జరిపాడు. ముందువైపు మిగిలిన ఒక్క పొర మీద సింహాచలమ్మ తెచ్చిన నేత దుప్పటి గట్టిగా మడిచి పరిచాడు. ధాబావాడి దగ్గర సుతిలీ తాడు, అదే గోనె పురికొస, అడుక్కుని, దబ్బనంతో పెద్ద పెద్ద కుట్లు వేశాడు. అయిపోయాక ఆ సీటు, పోస్టుమార్టం చేసి మళ్ళీ కుట్టిన మనిషిలా ఉంది. ఎడమవైపుకి కొంచెం వాలింది కూడా.

తర్వాత అతను కూడా ధాబా వెనక్కి వెళ్ళాడు. స్నానం చేసి, పిండి కడుక్కుని, జీన్సు విప్పి వదులు పైజమా వేసుకున్నాడు. డ్రాయరు తిరగేసి తొడుక్కున్నాడు, కుట్లు బయటికొచ్చేలా. ఒకప్పుడు షాపు యూనియన్‌కి సెక్రటరీగా చేసిన మనిషి అలా తిరగేసిన డ్రాయరుతో జాతీయ రహదారెక్కాడు.

అక్కడినుంచి జాన్ పాల్ చెప్పినట్టే నడిచింది ప్రయాణం. గంటకోసారి దిగడం, రోడ్డు పక్కన ఇద్దరూ నడవడం, నీళ్ళు తాగడం. మధ్యమధ్యలో అతను ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడేవాడు. వెనకనుంచి సింహాచలమ్మ, "జెండా ఎగరేస్తన్నావేటి?" అనేది. ఆవిడకి ఇప్పుడు ఎదుర్రోడ్డు కనబడుతోంది. కటక్ వంతెన మీద ఆవిడే అతన్ని కాసేపు ఆపి మహానది చూసింది. ఉన్న పుండ్లు ఎక్కడికీ పోలేదు గాని కొత్తవి పుట్టలేదు. ఆ రోజుకి ఇచ్ఛాపురం అందదని తేలిపోయి, బరంపురంలో ఆగి, మర్నాడు పొద్దున్న చేరారు.

సింహాచలమ్మ అక్క అప్పలనర్సమ్మ గుమ్మంలోకొచ్చి, చెల్లెల్ని పైనుంచి కిందిదాకా చూసి, నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మ! ఆ గోచీ ఏటే! అచ్చం మనమ్మ బండి దిగినట్టుందే!" ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి ఆవిడ మరిదివైపు తిరిగి, "నువ్వలాగ నిలబడిపోనావేటి బాబూ, కూసో" అంది.

అక్కడున్న రెండు రోజులూ ఆ ఇంట్లో ఎవరు కనబడినా అదే మాట. కూసో బాబూ. కూసో బావా. కూసోండి అన్నయ్యా. అన్నం గోడకి ఆనుకుని తిన్నాడు. నిద్ర బోర్లా పోయాడు. జీవితమంతా జనానికి కూర్చునే చోటు తయారుచేసినవాడికి ఊరంతా పీట వేస్తోంది, వాడుకునే యోగమే లేదు.

తిరుగు ప్రయాణంలో దారిపొడవునా ఒకటే ఆలోచన. జానుగాడికి ఏం చెప్పాలి? నిజం చెబితే ఆర్డర్లు పోతాయి. ఆ తర్వాత మళ్ళీ రిమోటు తొడుగులే. అబద్ధం అప్పటికే చెప్పేసి ఉన్నాడు, దాన్ని కొనసాగించడానికి కొత్తగా కష్టపడక్కర్లేదు కూడా. కోసిన రెగ్జిన్ మీద ఒక టవల్ పరిస్తే ఎవరికీ కనబడదు. బేల్దాలో టవల్ కొన్నాడు, పరిచాడు.

టీ బడ్డీ దగ్గర అందరూ ఉన్నారు. బడ్డీ యజమాని బెంగాలీ ఆయన ఎదురొచ్చి, "ఆషున్, ఆషున్ దాదా! బోషున్" అని, రమ్మని కూర్చోమని బల్ల చూపించాడు.

గణపతిరావు బండి దిగాడు. జాన్ పాల్ కళ్ళు అతని మొహం మీద లేవు, కాళ్ళ మీద ఉన్నాయి. తిన్నంగా నడుస్తాడా లేదా అని. గణపతిరావు ఊపిరి బిగబట్టి నాలుగడుగులు తిన్నంగానే నడిచాడు. వెనక ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. ఒకడప్పుడే స్పానరు పట్టుకుని తన సీటు బోల్టులు విప్పుతున్నాడు.

ఆ స్పానరు చూశాక ఇంక వల్ల కాలేదు. వెనక్కి తిరిగి టవల్ లాగేశాడు. సుతిలీ కుట్లతో, వాలిపోయి, సీటు అందరికీ కనబడింది.

"కార్మిక సోదరులారా!" అన్నాడు, పాత మీటింగు గొంతుతో. ఆ గొంతు లేకపోతే చెప్పలేడు. "నా ఎనకభాగం తరఫున ఒక ప్రకటన. ఫోన్లో సెప్పింది అబద్దం. ఈ సీటు ఫెయిలు. నాకు బెర్తు కుట్టడం వచ్చు, సీటు కుట్టడం రాదు. జాను సెప్పినవన్నీ నిజం, నాను నవ్వినవన్నీ ఇప్పుడు పుండ్లయి ఉన్నాయి. సూపించమంటే సూపించనేను."

గొల్లుమన్నారు. స్పానరు పట్టుకున్నవాడు నవ్వుతూనే బోల్టు మళ్ళీ బిగించేసుకున్నాడు. గణపతిరావు ఆ బోల్టు తిరగడం చూస్తూ నిలబడ్డాడు. నవ్వు అయిపోయింది. ఎవరి సంచులు వాళ్ళు తగిలించుకుంటున్నారు. ఇంతే అన్నమాట.

"బాబాయ్, కూసో" అన్నాడు జాన్ పాల్.

"కూసోనేన్రా." అతని చూపు జాన్ పాల్ తుంటి మీదకి వెళ్ళింది. "ఒరే జానూ, నీకు సరిగ్గా ఎక్కడ నొప్పి?"

అలాంటి ప్రశ్న కూర్చునే మనిషిని అతను అడగడం అదే మొదలు. జాన్ పాల్ సిగ్గుపడ్డాడు, తర్వాత చెప్పాడు. తుంటెముక కింద, కుడివైపు ఎక్కువ, ఆ వైపే బ్రేకు కాలు గనక. పక్కవాడు నాకు అక్కడ కాదు, తొడ లోపల అన్నాడు. ఇంకొకడు వీపు సంచీ బరువు వల్ల నడుం అడుగున అన్నాడు. తగిలించుకున్న సంచులు మళ్ళీ దిగాయి. అన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబోలు, అడిగేసరికి ఆగలేదు. ఫోన్లలో ఆర్డర్లు మోగుతుంటే కొంతమంది చెబుతూ చెబుతూనే పరిగెత్తారు.

గణపతిరావు బడ్డీలోంచి ఖాళీ బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి తెప్పించి, చింపి, బల్ల మీద పరిచాడు. "దీని మీద కూసో, లే. నీ ఎముకలు ఎక్కడున్నాయో గుంటలు పడి అట్టే సెప్తాది. అక్కడ గట్టిగా, సుట్టూ మెత్తగా. రెగ్జిన్ వద్దు, గాలాడే గుడ్డ ఏద్దాం."

జాన్ పాల్ కూర్చోబోతుంటే సింహాచలమ్మ వచ్చి అట్ట మీద ముందు తనే కూర్చుంది, గోచీతో, కాళ్ళు ఎడంగా వేసి, బజారు నడిమధ్య.

"పిన్నీ, మాకు ఆర్డర్లు పోతాయి!" అన్నాడు జాన్ పాల్.

"పోనీ. ఎనక కూసునేది మనిసి కాదేటి? నా కొలత ముందు."

ఆ సాయంత్రం జాన్ పాల్ తన సీటు విప్పి ఇచ్చాడు. ఒక్కడే ఇచ్చాడు. మిగతావాళ్ళు చూసి చెబుతామన్నారు. "పొద్దుటికి కావాల బాబాయ్. బండి ఎక్కకపోతే నాకు కూడు నేదు."

గణపతిరావు తెల్లారకముందే లేచి, సీటుని వంటింటి గట్టు మీద పెట్టుకుని, నిలబడే కుట్టాడు. ఆఖరి కుట్టు వేస్తుండగా వర్క్‌షాపు సైరను కూసింది. కాళ్ళు గేటువైపు తిరగలేదు. చేతిలో పని ఉంది మరి. పనే లేకున్నా, ఆ కాళ్ళు ఆ పూట ఎటూ తిరిగే స్థితిలో లేవు.